రొమ్ము క్యాన్సర్‌కు కాంతితో పనిచేసే రంగు మందు: తరచుగా అడిగే ప్రశ్నలు

"కోత లేదు, కీమో లేదు, జుట్టు రాలదు. రంగు మందు ఎక్కించి ఎర్ర లైటు వేస్తే గడ్డ కరిగిపోతుంది." రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన వారంలోపే ఎవరో ఒకరు ఇలాంటి వీడియో పంపిస్తారు. పంపేవాళ్లది మంచి ఉద్దేశమే. చూసేవాళ్లకు మాత్రం టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది: ఇది నిజమైతే డాక్టర్ ఎందుకు చెప్పలేదు? ఆ అనుమానం వచ్చినవాళ్ల కోసమే ఈ ప్రశ్నలూ జవాబులూ. మీ రిపోర్టులు చూసిన డాక్టర్ సలహాకు ఇవి బదులు కావు.

అసలు ఈ చికిత్స ఏమిటి?

దీన్ని ఫోటోడైనమిక్ థెరపీ అంటారు. ఆసుపత్రుల్లో పొట్టిగా పీడీటీ అంటారు. దీనికి మూడు కావాలి: కాంతిని పీల్చుకునే మందు, ఆ మందుకు సరిపడే రంగు కాంతి, కణాల్లో ఆక్సిజన్. మందు ఒక్కటే ఉంటే చీకట్లో పెద్దగా ఏమీ చేయదు. కాంతి ఒక్కటే పడినా గడ్డకు ఏమీ కాదు. మందు ఉన్నచోట కాంతి పడితే, మందు ఆ శక్తిని పక్కనే ఉన్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా రెచ్చిపోయిన ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. అది కణం పొరల్లోని కొవ్వులనూ ప్రొటీన్లనూ దెబ్బతీస్తుంది. దాని ఆయుష్షు ఎంత తక్కువంటే, పుట్టిన చోటి నుంచి ఒక కణం వెడల్పు కూడా దాటకముందే అయిపోతుంది. అందుకే దెబ్బ కాంతి పడిన చోటుకే పరిమితమవుతుంది. గడ్డకు రక్తం అందించే సన్న నాళాలు కూడా మూసుకుపోతాయి.

ఈ చికిత్స బలం అదే, బలహీనతా అదే. కాంతి పడిన చోట పనిచేస్తుంది, పడని చోట పనిచేయదు. కింద వచ్చే జవాబుల్లో సగం ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే.

మందు క్యాన్సర్ కణాల్లోకి మాత్రమే వెళ్తుందట కదా?

"మాత్రమే" అన్నది అబద్ధం. గడ్డలోని రక్తనాళాలు సరిగ్గా అల్లుకుని ఉండవు కాబట్టి మందు అక్కడ కొంచెం ఎక్కువగా చేరుతుంది, కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు చర్మంలోకీ కాలేయంలోకీ కూడా వెళ్తుంది. గురి కుదిరేది ఎక్కువగా కాంతిని ఎక్కడ వేస్తారన్న దాన్ని బట్టే.

ఇది నిజమైన వైద్యమేనా, లేక మోసమా?

నిజమైన వైద్యమే. మోసం ఎక్కడ మొదలవుతుందో తర్వాత చెబుతాను.

కథ మ్యూనిక్‌లో మొదలైంది. ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో పారమీసియం అనే సూక్ష్మజీవులను ఉంచి చూశాడు. అదే రంగు, అదే మోతాదు. వెలుతురు ఉన్నప్పుడు జీవులు త్వరగా చచ్చిపోయాయి, చీకట్లో బతికాయి. 1900లో ఈ ఫలితం అచ్చయింది. 1903లో అతని ప్రొఫెసర్ హెర్మన్ ఫాన్ టాపైనర్, చర్మ వైద్యుడు యెసియోనెక్‌తో కలిసి, చర్మంపై గడ్డలకు ఇయోసిన్ రంగు పూసి వెలుతురు పట్టించాడు.

ఇప్పటి వాడుకలోకి వస్తే, ఫోటోఫ్రిన్ అనే మందుకు 1993లో కెనడాలో మూత్రాశయ క్యాన్సర్ కోసం, 1995లో అమెరికాలో అన్నవాహికను అడ్డుకుంటున్న క్యాన్సర్ కోసం, 1998లో తొలి దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం అనుమతి వచ్చింది. టెమోపోర్ఫిన్ అనే ఇంకో మందుకు 2001లో యూరప్‌లో తల, మెడ క్యాన్సర్ల కోసం వచ్చింది. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న ఎండ మచ్చలకు అమైనో లెవ్యులినిక్ యాసిడ్ 1999 నుంచి ఉంది. ఈ జాబితాను ఇంకోసారి చూడండి: చర్మం, అన్నవాహిక, శ్వాసనాళం, నోరు, మూత్రాశయం. అన్నీ పైకి కనిపించే చోట్లు, లేదా ఎండోస్కోప్ గొట్టం దూర్చి నేరుగా లైటు వేయగలిగే చోట్లు. రొమ్ము ఈ జాబితాలో లేదు.

రొమ్ము క్యాన్సర్‌కు ఎవరూ ప్రయత్నించనే లేదా?

ప్రయత్నించారు, అదీ చాలా ముందే. 1966లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లిప్సన్ బృందం రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టి పుండు పడిన ఒక మహిళకు ఈ చికిత్స చేసింది. గడ్డపై ప్రభావం కనబడింది, జబ్బు నయం కాలేదు. తర్వాత బఫెలో నగరంలోని రాస్‌వెల్ పార్క్ అనే క్యాన్సర్ కేంద్రంలో థామస్ డాహర్టీ అనే పరిశోధకుడు దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. 1978లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 25 మంది రోగులు, చర్మంలోనో చర్మం కిందనో ఉన్న 113 గడ్డలు ఉన్నాయి. వాటిలో 111 గడ్డలు పూర్తిగానో కొంతవరకో తగ్గాయి. రొమ్ము నుంచి చర్మానికి పాకినవి కూడా వాటిలో ఉన్నాయి.

ప్రచారంలో ఈ అంకెనే "98 శాతం విజయం" అని చూపిస్తారు. 111 అన్నది గడ్డల లెక్క, మనుషుల లెక్క కాదు. "కొంతవరకు తగ్గినవి" కూడా అందులో కలిసే ఉన్నాయి. కనిపించే గడ్డ తగ్గింది సరే, మనిషి ఎన్నేళ్లు బతికింది అన్న ప్రశ్నకు ఆ లెక్క జవాబు చెప్పదు.

రొమ్ము క్యాన్సర్‌లో ఈ చికిత్సను నిజాయితీగా పరీక్షించిన చోటు ముఖ్యంగా ఒకటే: రొమ్ము తీసేశాక, రేడియేషన్ కూడా అయిపోయాక, ఛాతీ చర్మం మీద పొక్కుల్లా, చిన్న చిన్న కణుపుల్లా జబ్బు తిరిగొచ్చినప్పుడు. అది చాలా బాధపెట్టే స్థితి. రసి కారుతుంది, వాసన వస్తుంది, రోజూ కట్టు మార్చాలి. అదే చోట మళ్లీ రేడియేషన్ ఇవ్వడం కష్టం. కణుపులు పల్చగా పైపైనే ఉంటాయి కాబట్టి కాంతి వాటికి అందుతుంది. కొందరిలో కణుపులు తగ్గాయి, పుండ్లు మానాయి, కొత్తవి మళ్లీ వచ్చినవాళ్లూ ఉన్నారు. అంటే అక్కడ కూడా ఇది ఉపశమనం కోసం చేసేదే. అక్కడైనా ఇది మామూలు చికిత్స స్థాయికి చేరలేదు.

రొమ్ములోని గడ్డ చర్మం కిందే కదా ఉంటుంది, కాంతి వెళ్లదా?

చీకటి గదిలో ఫోన్ టార్చ్ వేసి దాని మీద వేలు కొన ఆనించండి. తెల్ల లైటే అయినా వేలు ఎర్రగా వెలుగుతుంది. నీలాన్నీ ఆకుపచ్చనీ రక్తంలోని హిమోగ్లోబిన్ దాదాపుగా మింగేస్తుంది, ఎరుపు మిగులుతుంది. ఇప్పుడు అదే టార్చ్‌ను అరచేతి మధ్యలో ఆనించి, చేతిని తిప్పి వెనక వైపు చూడండి. మసక ఎరుపు కనిపిస్తే గొప్ప.

ఫోటోఫ్రిన్‌కు వాడే ఎరుపు కాంతి 630 నానోమీటర్లది. అది పనిచేసేంత బలంతో చేరే లోతు అర సెంటీమీటరు నుంచి దాదాపు ఒక సెంటీమీటరు దాకా. ఇంకా పొడవు తరంగాల కాంతి, అంటే 690 నుంచి 750 దాకా, ఇంకొంచెం లోపలికి పోతుంది. చేతికి తగిలే గడ్డ చాలాసార్లు సెంటీమీటరుకు పైనే ఉంటుంది, దాని మీద చర్మం, కొవ్వు ఉంటాయి. ఇక చంక కింది లింఫు గ్రంథుల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. పెద్ద గడ్డల మధ్యభాగానికి రక్తం సరిగా అందదు, ఆక్సిజన్ తక్కువ. మూడింటిలో ఒకటి లేకపోతే చికిత్స లేనట్టే.

సూదిలా ఫైబర్‌ను గడ్డలోకే దింపి లైటు వేయొచ్చు కదా?

వేయొచ్చు. లండన్‌లో వర్టెపోర్ఫిన్ అనే మందుతో అలాగే చేసి చూశారు. సర్జరీకి ముందు సన్నటి ఫైబర్‌ను గడ్డలోకి దింపి కాంతి పంపారు, తర్వాత సర్జరీలో తీసిన గడ్డలో ఎంత భాగం చచ్చిందో పరిశీలించారు. కాంతి మోతాదు పెంచితే చచ్చిన భాగమూ పెరిగింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ అది చాలా చిన్న ట్రయల్. అందులో పాల్గొన్నవాళ్లందరికీ మామూలు సర్జరీ ప్లాన్‌లోనే ఉంది. సర్జరీ మానేసి దీని మీద ఆధారపడమని ఆ డాక్టర్లు ఎవరికీ చెప్పలేదు.

సర్జరీ, కీమో, రేడియేషన్‌కు బదులుగా ఇది చేయించుకోవచ్చా?

వద్దు. దీన్ని నేను మెత్తగా చెప్పలేను.

రొమ్ము క్యాన్సర్‌తో ప్రాణం పోయేది రొమ్ములోని గడ్డ వల్ల కాదు. అక్కడి నుంచి ఎముకలకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు, మెదడుకు పాకిన కణాల వల్ల. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే కొన్ని కణాలు రక్తంలోకి జారి ఉండొచ్చు, ఏ స్కాన్‌లోనూ కనబడవు. కీమో, హార్మోన్ మాత్రలు, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకానికి వాడే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు ఇచ్చేది ముఖ్యంగా వాటి కోసమే. ఛాతీ మీద వేసే లైటు అక్కడికి వెళ్లదు. కనిపించే గడ్డ మాయమైనా అసలు ప్రమాదం అలాగే ఉంటుంది. గడ్డ తగ్గిందన్న ధీమా వల్ల చికిత్స ఇంకా ఆలస్యమవుతుంది కూడా.

ప్రత్యామ్నాయం మీదే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో కొలిచిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో యేల్ పరిశోధకులు 2018లో ప్రచురించారు. జబ్బు దూరంగా పాకని దశలోనే ఉన్నా, మామూలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయ పద్ధతులు మాత్రమే ఎంచుకున్నవారిని, మామూలు చికిత్స తీసుకున్నవారితో పోల్చారు. రొమ్ము క్యాన్సర్‌లో మరణించే ముప్పు 5.68 రెట్లు ఎక్కువ తేలింది. అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు మామూలు చికిత్స వైపు 86.6 శాతం, ప్రత్యామ్నాయం వైపు 58.1 శాతం. ఆ పరిశోధన కాంతి చికిత్స ఒక్కదాని గురించి కాదు, అన్ని రకాల ప్రత్యామ్నాయాలనూ కలిపి చూసింది. అయినా నిర్ణయం తీసుకునేవాళ్లకు ముందు తెలియాల్సిన అంకె ఇదే అనుకుంటాను.

రొమ్ము తీసేస్తారన్న భయంతోనే ఇటు చూస్తున్నాను.

చాలామంది అసలు కారణం ఇదే, పైకి చెప్పరంతే. తొలి దశలో రొమ్ము మొత్తం తీయనక్కర్లేని కేసులు చాలా ఉంటాయి. గడ్డనూ దాని చుట్టూ కొంచెం కణజాలాన్నీ తీసి, తర్వాత రేడియేషన్ ఇచ్చినవాళ్లు, రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్లతో సమానంగానే బతికారని అమెరికాలో, ఇటలీలోని మిలాన్‌లో జరిగిన పెద్ద ట్రయల్స్ తేల్చాయి. వాటి 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి, అప్పుడు తీసే పద్ధతీ ఉంది. "రొమ్ము ఉంచి చేయడానికి నా కేసులో వీలుందా? లేకపోతే ఎందుకు లేదు?" అని నేరుగా అడగండి. జవాబు నచ్చకపోతే ఇంకో క్యాన్సర్ సర్జన్ దగ్గర సెకండ్ ఒపీనియన్ తీసుకోండి. లైటు పెట్టే క్లినిక్‌కు వెళ్లడం సెకండ్ ఒపీనియన్ కాదు.

నాలుక కింద చుక్కల మందు, తర్వాత ఎల్‌ఈడీ పడక మీద పడుకోబెడతామని ఒక క్లినిక్ వాళ్లు అంటున్నారు. ఒళ్లంతా ఉన్న క్యాన్సర్ పోతుందట.

మోసం మొదలయ్యేది ఇక్కడే. ఆకుపచ్చ చుక్కలను క్లోరోఫిల్ నుంచి తీసిన మందు అంటారు. కొన్నిచోట్ల కాంతితో పాటు శబ్ద తరంగాలు కూడా కలుపుతారు. చర్మం మీద బయటి నుంచి వేసిన కాంతి కాలేయంలోకో ఎముకలోకో చేరే దారే లేదని పైన చూశాం. "ఒళ్లంతా" అన్న మాట వినగానే లేచి వచ్చేయొచ్చు.

ఇది కొత్తగా వచ్చిన మోసమేమీ కాదు. 2000 తర్వాత తొలి ఏళ్లలో ఐర్లండ్‌లో ఒక క్లినిక్ ఇలాంటి కాంతి చికిత్సను, ఇక ఆశ లేదన్న రోగులకు పెద్ద మొత్తాలకు అమ్మింది. చాలామంది చనిపోయారు, డాక్టర్ పేరును వైద్యుల రిజిస్టర్ నుంచి కొట్టేశారు. అసలు ఫోటోడైనమిక్ థెరపీ మీద వచ్చిన పరిశోధన పత్రాలనే ఇలాంటివాళ్లు గోడకు తగిలిస్తారు. పత్రాలు నిజమైనవే. అందులోని మందు వేరు, మోతాదు వేరు, జబ్బు వేరు.

సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవంటున్నారు, నిజమా?

జుట్టు రాలదు, వాంతులు పెద్దగా ఉండవు, అంతవరకు నిజం. లైటు పడినచోట నొప్పి, వాపు, తర్వాత పక్కు కట్టడం మామూలే. రేడియేషన్ తిన్న చర్మం మీద పుండు మానడానికి చాలాకాలం పట్టొచ్చు.

అసలు ఇబ్బంది ఎండ. 1912లో ఫ్రీడ్రిష్ మేయర్-బెట్జ్ అనే జర్మన్ డాక్టర్ 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్ అనే, ఇలాగే కాంతిని పీల్చుకునే మందును తనకు తానే ఎక్కించుకుని ఎండలోకి వెళ్లాడు. ముఖమూ చేతులూ గుర్తుపట్టలేనంతగా వాచాయి. ఎండను తట్టుకోలేని పరిస్థితి నెలల తరబడి ఉండిపోయింది. ఇప్పటి మందులు అంతకంటే మేలు, అయినా ఫోటోఫ్రిన్ తీసుకున్నవారు కనీసం 30 రోజులు నేరుగా ఎండ పడకుండా, బాగా ప్రకాశవంతమైన దీపాలకు దూరంగా ఉండాలి.

ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, సన్‌స్క్రీన్ రాసుకుని బయటకు వెళ్లడం. సన్‌స్క్రీన్ ఆపేది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలను. ఈ మందును రెచ్చగొట్టేది మామూలు వెలుతురు. కాబట్టి నిండు చేతుల బట్టలు, టోపీ, గ్లవ్స్, నల్ల కళ్లద్దాలే దిక్కు. కిటికీ అద్దం, కారు అద్దం కూడా ఆ వెలుతురును ఆపవు. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం: నెల రోజులూ కటిక చీకటి గదిలో కూర్చోవడం. అది తప్పు. ఇంట్లోని మామూలు వెలుతురు చర్మంలో మిగిలిన మందును మెల్లగా కరిగిస్తుంది, అది ఒంటికి తగలడమే మంచిది. 30 రోజుల తర్వాత కూడా ఒకేసారి ఎండలోకి వెళ్లకుండా, కొంచెం చర్మాన్ని పది నిమిషాలు ఎండకు పెట్టి ఒక రోజు ఆగి చూడమంటారు. ఎర్రబడితే ఇంకొన్నాళ్లు ఆగాలి.

పోర్ఫిరియా అనే జబ్బున్నవాళ్లకు ఈ మందులు పనికిరావు. డాక్సీసైక్లిన్ లాంటి, ఎండ తగిలితే చర్మం కందేలా చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

రెడ్ లైట్ థెరపీ, ఇదీ ఒకటేనా?

కాదు. దుకాణాల్లో దొరికే రెడ్ లైట్ ప్యానెళ్లకు మందుతో సంబంధం లేదు, అవి క్యాన్సర్ కణాలను చంపవు. కీమో వల్ల నోట్లో వచ్చే పుండ్లకు తక్కువ శక్తి లేజర్‌ను ఆసుపత్రుల్లో వాడతారు. అది వేరే పని. రేడియేషన్ కూడా వేరే: అది ఎంత లోతుకైనా వెళ్తుంది, డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది.

నా సర్జరీలో నీలం రంగు ఎక్కించారు. అది ఇదేనా?

అది చికిత్స కాదు, దారి చూపించే రంగు. గడ్డ నుంచి లింఫు ముందుగా చేరే గ్రంథి ఏదో కనిపెట్టడానికి నీలం రంగునో, ఐసీజీ అనే మెరిసే రంగునో వాడతారు. మూత్రం ఒకటి రెండు రోజులు నీలంగానో ఆకుపచ్చగానో వస్తే కంగారుపడకండి. 2024లో అమెరికాలో పెగులిసియానిన్ అనే ఇంకో రంగుకు అనుమతి వచ్చింది. గడ్డ తీశాక లోపల ఏమైనా మిగిలిందేమో అది వెలిగి చూపిస్తుంది, సర్జన్ దాన్ని కూడా తీస్తారు. రొమ్ము క్యాన్సర్‌లో కాంతీ రంగూ కలిసి ఇవాళ నిజంగా చేస్తున్న మేలు ఇదే.

మరి భవిష్యత్తులో ఆశ లేదా?

ఉంది, నాకైతే ఒక దారి మీద ఎక్కువ ఆసక్తి. మందును ఊరికే ఒంట్లోకి వదలకుండా, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే యాంటీబాడీకి కట్టి పంపడం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హిసటాకా కొబయాషి బృందం 2011లో దీన్ని చూపించింది. అప్పుడు వాడిన యాంటీబాడీల్లో హెర్2 రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ట్రాస్టుజుమాబ్ కూడా ఒకటి. ఈ పద్ధతిలో తయారైన మొదటి మందుకు 2020లో జపాన్‌లో అనుమతి వచ్చింది, అదీ తల, మెడ క్యాన్సర్లకు. రొమ్ము విషయంలో ఇది ఇంకా పరిశోధనే.

ల్యాబ్ వార్తలు చదివేటప్పుడు ఒక్కటి చూడండి: ప్రయోగం గాజు పళ్లెంలోని కణాల మీదా, ఎలుక మీదా, మనుషుల మీదా? పళ్లెంలో కణాలు ఒకే పొరగా ఉంటాయి. కాంతికీ ఆక్సిజన్‌కూ అక్కడ అడ్డు లేదు.

ఏదైనా ట్రయల్‌లో చేరమంటే ఏం అడగాలి?

ట్రయల్ ఏ రిజిస్ట్రీలో నమోదైంది, నంబరు ఎంత, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఇది ఎన్నో దశ, నా మామూలు చికిత్స దీని వల్ల ఆగుతుందా లేక వాయిదా పడుతుందా, ఏమైనా జరిగితే ఖర్చు ఎవరిది. నిజమైన ట్రయల్‌లో పరీక్షించే మందుకు సాధారణంగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. లక్షలు కట్టమంటే అది ట్రయల్ కాదు, అమ్మకం. సంతకం పెట్టే కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానంటే కాదన్నచోట చేరకండి.

నేను ఇప్పటికే అలాంటి మందు తీసుకున్నాను. డాక్టర్‌కు చెబితే తిడతారేమో.

తిట్టినా చెప్పండి. సర్జరీ ఉంటే మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్ థియేటర్ దీపాలు చాలా బలమైనవి, మందు ఒంట్లో మిగిలి ఉంటే తెరిచిన కణజాలం మీద కాలిన గాయాలు కావచ్చు. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్‌ను కూడా ఒకేచోట ఎక్కువసేపు ఉంచకుండా మారుస్తారు. మందు పేరు, మోతాదు, ఏ తేదీన తీసుకున్నారు, ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వండి. సీసా ఉంటే పారేయకుండా తీసుకెళ్లండి. మధ్యలో కొన్ని నెలలు గడిచిపోయి ఉంటే స్కాన్లు, అవసరమైతే బయాప్సీ మళ్లీ చేసి, ఇప్పుడున్న దశను బట్టి చికిత్స ప్లాన్ వేస్తారు.